బెంచి: ఒక పదవిమర్శ

బెంచి యను మాటకు అర్థము చెప్పుమనినచో మన యిండ్లలో ఎనిమిదేండ్ల పిల్లవాడును తడబడడు. నలుగురు కూర్చుండదగిన పొడుగుపాటి బల్ల యని చెప్పును. అంత సులభమైన మాటను గూర్చి ఒక వ్యాసము వ్రాయుట చదువరులకు వింతగా తోపవచ్చును. కాని హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపురము మొదలుకొని నానక్‌రామ్‌గూడ వఱకు వ్యాపించిన అద్దాల మేడలలో ఈ మాట ఇరువదియైదేండ్లకు పైగా వేఱొక యర్థమున వాడబడుచు, అచటినుండి మన వంటయిండ్లలోనికిని పెండ్లిమాటలలోనికిని వచ్చి చేరినది. "అబ్బాయి ప్రాజెక్టులో ఉన్నాడాండీ, బెంచి మీద ఉన్నాడాండీ?" అని పిల్ల తండ్రి మధ్యవర్తిని అడుగుచున్నాడు. ఆ బెంచి మీద నిజముగా కూర్చున్నవారెవరును లేరు. అయినను దాని బరువు ఇంటిల్లిపాదియు మోయుచున్నారు. కాబట్టి దీనిని కొంచెము పరిశీలింపదలచితిమి.

ఒక మాటకు పెక్కర్థములుండుట తప్పు కాదు. మన బల్లనే చూడుడు. వ్రాతబల్ల, భోజనపు బల్ల, ఏఱు దాటించు బల్లకట్టు, బల్ల గ్రుద్ది చెప్పుట. అన్నింట ఆ చెక్కయే యున్నది, ఒకదాని పరువు మఱియొకదాని కంటలేదు. కాని కొన్ని మాటలు ఇల్లు మాఱునపుడు పాత యింటి వాసనను వెంట గొనిపోవును. బెంచి అట్టిది. అది మనకు ఏ గుమ్మము గుండ వచ్చినదో తెలిసికొనిననే గాని, నేడు అది చేయుచున్న పని తెలియదు.

ఇంగ్లీషువారు రాకమునుపు మనకు కూర్చుండుటకు చోటు లేక కాదు. ఇంటిముందర అరుగు, ఊరినడుమ రచ్చబండ, వంటయింట పీట, పెండ్లిలో పెండ్లిపీటలు, మఠములో పీఠము. పీట యనునది పీఠమునకు తద్భవమే. హైదరాబాదు ఉర్దూలో తఖ్తు అనగా సింహాసనము, చెక్కమంచము గూడ తఖ్తే. తఖ్తా అనగా పలక, శవమును పరుండబెట్టు పలక గూడ. తఖ్తో తఖ్తాయో తేలవలె నని ఆ భాషలో ఒక నానుడియే కలదు. ఈ యాసనములన్నియు కూర్చున్నవాని స్థితిని తెలుపును. వీనిలో లేనిది, బెంచిలో ఉన్నది వరుస. బెంచి ఒంటరిగా రాదు. ఒకదాని వెనుక నొకటిగా వచ్చును, ఎవరెచట కూర్చుండవలెనో నిర్ణయించువాడు ఎదుట నిలుచుండును. అరుగు మీద మనము కూర్చుందుము. బెంచి మీద మనలను కూర్చుండబెట్టుదురు.

ఆ నిర్ణయించువానిని మనము మొట్టమొదట చూచినది బడిలో. పూర్వపు వీధిబడి అరుగుల మీదనే సాగెడిది. పిల్లలు నేల కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. దండన కావలసి వచ్చినపుడు పంతులుగారు దూలమునకు త్రాడు గట్టి కోదండము వేయించెడివారు, లేదా గోడకుర్చీ వేయించెడివారు. గోడకుర్చీ యను మాటలోని వెక్కిరింతను మన మంతగా గమనింపము. కుర్చీ లేదు, కుర్చీలో ఉన్నట్లు నటింపవలెను, కాళ్లు వణకవలెను. ఇంగ్లీషుబడి వచ్చిన తరువాత కోదండము పోయి 'బెంచి యెక్కించుట' వచ్చినది. కూర్చుండుటకు చేసిన వస్తువును నిలుచుండుటకు ఉపయోగించి, తోడివారందఱి కన్నుల యెదుట ఒక్కనిని ఎత్తి చూపుట దానిలోని మర్మము. దెబ్బ లేదు, నెత్తురు లేదు. సిగ్గే శిక్ష. అటుపిమ్మట ముందు బెంచి, కడపటి బెంచి యను తారతమ్యము కలిగినది. నలువదేండ్ల వయసు వచ్చినవారు నేటికిని తాము ఏ బెంచివారో చెప్పుకొనుచున్నారు. బడి విడిచినను బెంచి విడువలేదు.

బెంచి యెక్కించుట శిక్ష యైనవారు అదృష్టవంతులే. బెంచి దగ్గఱకే రానీయని బిడ్డలున్న దేశము మనది. సాతారాలో చదువుకొన్న కాలమున తాను ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్ట మీద వేఱుగా కూర్చుండవలసి వచ్చెననియు, బడి జవాను దానిని ముట్టడు గనుక సాయంకాలము ఇంటికి మోసికొనిపోవలసి వచ్చెననియు డాక్టరు అంబేడ్కరుగారు వ్రాసికొన్నారు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, 1910 మొదలుకొని ఆదిహిందువుల బిడ్డలకు బడులు పెట్టించిరి. అటువంటి బడిలో ఒక బెంచి వేయుట సంఘసంస్కారమే. కాబట్టి బెంచి యనగానే అవమానమే యని మేము చెప్పుట లేదు. అది మీకు దొరకుట గౌరవము. దానిమీద మిమ్ము ఎత్తి చూపుట అవమానము. వస్తువొకటే, క్రియలు వేఱు. ఈ క్రియల మాట చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

రెండవ గుమ్మము న్యాయస్థానము. ఇంగ్లండులో రాజుగారి బెంచి యను పేర నొక న్యాయస్థానమే యుండెను. న్యాయాధిపతి కూర్చుండు ఆసనము బెంచి, దానికి ఇవతల అడ్డముగా నుండు కమ్మి బారు. ఆ కమ్మి ననుసరించి న్యాయవాదులకు బారువారని పేరు వచ్చినది. (బారు అనగా మన పట్టణములలో సామాన్యులకు స్ఫురించునది వేఱు. దానిని గూర్చి ప్రస్తుతము విచారింపము.) మద్రాసు రాజధానిలో గౌరవ మేజిస్ట్రేటులు ఇద్దఱు ముగ్గురు కూడి కూర్చుండు కచేరీని మన తాతలు బెంచి కోర్టనిరి. నేడు ఉన్నత న్యాయస్థానమున ఇద్దఱు న్యాయమూర్తులు కూర్చున్న డివిజన్ బెంచి, అంతకెక్కువమంది కూర్చున్న ఫుల్ బెంచి. కేశవానంద భారతి వ్యాజ్యమున 1973 ఏప్రిలు 24వ తేదీన తీర్పు చెప్పిన బెంచిలో పదుమువ్వురు న్యాయమూర్తులుండిరి. శాసనసభలలోను ట్రెజరీ బెంచీలు, ప్రతిపక్షపు బెంచీలు ఉన్నవి. అచటి మర్యాదలు మనము టెలివిజనులో చూచుచునే యున్నాము.

ఈ న్యాయస్థానపు బెంచికి మన పత్రికలవారు ఏ పేరు పెట్టిరో చూడుడు. ధర్మాసనము! రాజ్యాంగ ధర్మాసనము, విస్తృత ధర్మాసనము. ఎంత గంభీరమైన మాట! రాముడు, ధర్మరాజు కూర్చున్నట్లు చెవికి వినబడును. పత్రికలవారి నేర్పును మేము మెచ్చుకొనుచున్నాము. అయితే ఇదే పత్రికలలో మఱొక పుటలో, "బెంచిపై వేలమంది టెక్కీలు" అని యుండును. అచట ఆ మాటకు తెలుగు వెదకినవారు లేరు. న్యాయమూర్తి కూర్చున్న చెక్కకు ధర్మమును ఆసనమును చేర్చి సమాసము చేసినవారు, జీతగాడు కూర్చున్న చెక్కను మాత్రము వచ్చినదానిని వచ్చినట్లే వదలివేసిరి. భాషాంతరీకరణమున గూడ పెద్దపీట, చిన్నపీట లున్నవి కాబోలు.

ఈ మాటకు ఐరోపాలో నున్న చుట్టఱికమును గొంత చెప్పనిదే ముందుకు పోజాలము. అది మిక్కిలి రసవత్తరముగా నున్నది. ప్రాచీనాంగ్లమున బెంక్ అనియు, దానికి జ్ఞాతియైన జర్మానిక్ మాట ఇటలీకి పోయి బంకా, బంకో అనియు అయ్యెను. ఇటలీ పట్టణములలో నాణెములు మార్చు వర్తకులు అంగడివీధిలో బల్ల వేసికొని దానిమీద డబ్బు పఱచుకొని కూర్చుండెడివారు. ఆ బల్లయే బ్యాంకు. మనము దాచుకొన్న సొమ్ము నేడు అమీరుపేటలోనో ఆబిడ్సులోనో నున్న ఏ బ్యాంకులో ఉన్నను, మాట ప్రకారము అది ఒక బల్ల మీద నున్నట్లే. వర్తకుడు దివాలా తీసినచో ఇటలీవారు బంకా రోత్తా, అనగా విఱిగిన బల్ల యనిరి. అతని బల్లను నిజముగానే విఱుగగొట్టెడివారని కథ చెప్పుదురు. కథ యెట్లున్నను ఇంగ్లీషులోని బ్యాంక్రప్టు ఆ మాటనుండి పుట్టినదే. చిన్నబల్లకు బంకెత్తో అని పేరు. అదియే విందుకు బాంక్వెట్ అయినది. సంతలో బల్ల యెక్కి నిలుచుండి, సర్వరోగములు కుదుర్చు మందని కేకలు వేసి అమ్ముకొను దొంగవైద్యుడు మౌంటిబ్యాంకు, అనగా బల్ల యెక్కినవాడు. బడిలో బల్ల యెక్కినవాడు సిగ్గుపడుచుండగా సంతలో బల్ల యెక్కినవాడు సిగ్గు విడిచి డబ్బు చేసికొనెను.

సర్వేయరులు రాతిలో చెక్కిన గుర్తు బెంచిమార్కు. కొలకఱ్ఱను నిలుపుటకు దాని యాధారముగా ఇనుపకమ్మిని బెంచివలె ఆనించెడివారు. నేడది యంత్రముల వేగమును పోల్చు ప్రమాణమునకు పేరైనది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములో నలువది పాళ్లు గాని అంతకు మించి గాని యున్న వైకల్యమును బెంచిమార్కు వైకల్యమనిరి. మనుష్యుని బాధను కొలుచుటకు రాతిగుర్తు పేరు! ఇంతతో దీనిని విడిచెదము.

ఇక మన పడమటి దిక్కునకు వత్తము. హైదరాబాదు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ యను పొడుగాటి పేరును కుదించి హైటెక్ సిటీ యనిరి. దానిలో మొదటిదైన సైబర్ టవర్సును 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు. రెండువేల సంవత్సరము వచ్చునప్పటికి కంప్యూటర్లు తేదీ తప్పునను భయము లోకమునంతటిని పట్టినందున, ప్రోగ్రాములు సరిచూచువారికి నాడు గొప్ప గిరాకి. అమీరుపేటలో మైత్రీవనము చుట్టును శిక్షణాలయములు పుట్టలవలె లేచినవి. ఆ కాలముననే ఈ క్రొత్త బెంచి మన నాలుకలపై నెక్కినది.

దీని యర్థమును, దీని వెనుక నున్న వ్యాపారమును విడమఱచి చెప్పెదము. ఏలయన ఇంటిలోని పెద్దలకు తమ బిడ్డ చేయు వ్యాపారపు లెక్క తెలియకుండుటయే సగము దుఃఖమునకు కారణము. ఈ కంపెనీలలో చాల భాగము వస్తువులు చేసి అమ్మవు. మనుష్యుల పనిగంటలను విదేశపు ఖాతాదారునకు అమ్మును. ఒక యువకుని పనికి ఖాతాదారుడు గంటకింత యని ఇచ్చు ధరనుండి అతని జీతము, మేడ యద్దె, తక్కిన ఖర్చులు పోగా మిగిలినది లాభము. ఖాతాదారునకు బిల్లు వేయదగిన పనిలో ఉన్నవాడు బిల్లబుల్. ఒక ప్రాజెక్టు ముగిసి, రెండవది దొరకునందాక జీతము తీసికొనుచు ఖాళీగా నున్నవాడు బెంచి మీద నున్నవాడు. క్రొత్త ఖాతాదారుడు, "రేపే నూఱుమందిని ఇయ్యగలరా?" యని అడుగును. ఇయ్యగలమని చెప్పుటకు కొందఱు సిద్ధముగా నుండవలెను. రైతు విత్తనపు గింజలను గాదెలో దాచినట్లు కంపెనీ మనుష్యులను దాచుకొనును. ఆటలలో, పదునొకండుగురు మైదానములో నుండగా, తక్కినవారు ప్రక్కన బెంచి మీద నుందురు. వారు గట్టివారైనచో జట్టుకు బెంచిబలము కలదని మెచ్చుకొందురు. కంపెనీ పెద్దలు ఖాతాదారునితో మాటలాడునపుడు ఈ యర్థముననే, తమ బెంచి బలమైనదని గర్వముగా చెప్పుకొందురు.

కాని అదే మాట మేడలో క్రింది అంతస్తునకు దిగునప్పటికి స్వరము మాఱును. "నిన్ను బెంచి మీద వేసినారు." ఎవరు వేసినారో వాక్యములో లేదు. వేయుట యను క్రియ వస్తువులకు తగినది, కట్టెలు వేయుదుము, బస్తాలు వేయుదుము. "మూడు నెలలనుండి బెంచి మీద ఉన్నాడు" అనునప్పుడు మూడు నెలలు లెక్కకు వచ్చును గాని ఖాతాదారుని ఒప్పందము రద్దయిన సంగతి లెక్కకు రాదు. పనిలేకుండగనే ప్రతిదినము వచ్చి హాజరు పలుకవలెను. క్రొత్త పరీక్షలు వ్రాసి సర్టిఫికెట్లు తెచ్చుకొనవలెను. ఒకే కంపెనీలో పనిచేయుచు, అదే కంపెనీలోని మఱొక ప్రాజెక్టు మేనేజరు యెదుట ఉద్యోగార్థివలె ఇంటర్వ్యూకు నిలువవలెను. గాదెలోని గింజయని చెప్పినవారే దానిని పురుగు పట్టినదేమో యని జల్లెడ పట్టుచున్నారు. ఆటగాని బెంచి పోయి, బడి బెంచి మరల వచ్చినది. బెంచి మీద నున్న యువకుడు మధ్యాహ్నము భోజనశాలలో పాత జట్టువారితో కూడక దూరముగా కూర్చుండునట! ఎవరును కూర్చుండవలదనలేదు. ఎనిమిదేండ్ల వయసున నేర్చిన సిగ్గు ఇరువదియెనిమిదవ యేట అక్కఱకు వచ్చినది.

తెలుగులో ఈ జాఱుడు మఱింత సూక్ష్మముగా నున్నది. ఖాతాదారునినుండి పని రాలేదు. కాబట్టి వానికి పని రాలేదు. ఇది జరిగిన సంగతి. అదే, ఒకటి రెండు నోళ్లు మాఱునప్పటికి వానికి పని రాదు అగుచున్నది. అనగా నేర్పు లేదని. ఇంకొక నోరు మాఱినచో వాడు పనికిరాడు. రాలేదు, రాదు, పనికిరాడు. అక్షరములలో భేదము అత్యల్పము. మొదటిదానికి బాధ్యుడు వర్తకము తెచ్చువాడు, చివరిదానికి బాధ్యుడు వాడే. ఈ మూడు మాటల నడుమ దూరమును చెఱపివేయుటకు బెంచి యను పరభాషాపదము మిక్కిలి అనుకూలముగా నున్నది; ఏలయన మూడింటిలో ఏది చెప్పదలచినను ఆ యొక్క మాటతోనే చెప్పవచ్చును, ఏది చెప్పితివని నిలదీయుటకు వీలు లేదు.

"జీతము వచ్చుచునే యున్నదిగదా, పని లేకుండగ జీతము తీసికొనుట మహాభోగము కాదా, ఎండలో కంకర కొట్టువానిని చూచి మాటలాడుడు" అని మమ్ము ఆక్షేపించువారుందురు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. మొదటి రెండు వారములు భోగమే. ఊరికి పోయి తల్లి చేతి వంట తిని వచ్చినవారును, ఆ తీఱికలో క్రొత్త విద్య నేర్చి మేలు పొందినవారును కలరు. కాని ఆ జీతము ఎన్నాళ్లు వచ్చునో చెప్పువాడు లేనపుడు అది భోగము కాదు. 2008 సెప్టెంబరు 15వ తేదీన న్యూయార్కులో లీమన్ బ్రదర్సు అను పెద్ద సంస్థ దివాలా తీసినది. మన కంపెనీలకు ఖాతాదారులలో అమెరికా బ్యాంకులు పెద్దపాలు. అచట బల్ల విఱిగెను, ఇచట బెంచి నిండెను. ఇటలీవాని మాట ఇంత దూరము వచ్చి నిజమగునని ఎవరనుకొందురు! ఆ మఱుసటి సంవత్సరము జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు రామలింగరాజుగారు లెక్కలు తప్పుగా చూపితిమని తామే ఉత్తరము వ్రాసిరి. సంస్థ చేతులు మాఱిన పిమ్మట, పనికి మించియున్న వేలకొలది ఉద్యోగులను తగ్గించిన జీతముతో ఇంటివద్ద నుండుమని, ఆ యేర్పాటునకు వర్చ్యువల్ పూల్ అని పేరు పెట్టిరి. పూల్ అనగా మడుగు. బెంచి యనుటకు జంకి మడుగన్నారు. లెక్కలు తప్పు వ్రాసినది ఒకరు, మడుగులో దిగినది వేఱొకరు.

ఇటీవలి సంగతి చూతము. గచ్చిబౌలిలోను ఆదిబట్లలోను పెద్ద కార్యాలయములు గల టి.సి.ఎస్. సంస్థ 2025 జూను 12వ తేదీనుండి ఒక నియమము పెట్టినది: ఉద్యోగి ఏడాదికి 225 దినములు బిల్లు వేయదగిన పనిలో నుండవలెను, బెంచి కాలము 35 దినములకు మించరాదు. తరువాతి నెలలో ఆ సంస్థయే తన ఉద్యోగులలో నూటికి రెండుపాళ్లు, రమారమి 12 వేలమందిని తగ్గించుకొందుమని ప్రకటించినది. వ్యాపారమునకు నియమములుండవలెననుటలో మాకు వివాదము లేదు. ఈ నియమపు వ్యాకరణమును మాత్రము పరీక్షింతము. పని తెచ్చువాడు కంపెనీ. పనిని పంచువాడు మేనేజరు. పని దొరకని దినములు లెక్కింపబడునది ఉద్యోగి పేర. వాన కురియని దినములను దుక్కిటెద్దు ఖాతాలో వ్రాసినట్లున్నది.

సముద్రము దాటినచో ఇదే మాట మఱొక వేషము వేయును. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న మనవారిని కొందఱు కన్సల్టెన్సీలవారు పని దొరకునందాక జీతము లేకుండ ఉంచెడివారు. సైబర్ టవర్సును తెఱచిన 1998వ సంవత్సరముననే అమెరికా చట్టసభవారు దీనిని నిషేధించిరి. యజమాని పని చూపలేనప్పుడును జీతమీయవలసినదే. ఈ దురాచారమునకు అచటి కార్మికశాఖవారు వాడు మాట బెంచింగ్. గమనింపుడు: అచట బెంచింగ్ యజమాని చేయు తప్పు, ఇచట బెంచి ఉద్యోగికి పట్టిన దోషము. ఒకే పరిశ్రమ, ఒకే తెలుగు యువకుడు, ఒకే మాట. నేరము మాత్రము సముద్రము దాటునపుడు ఒకరి మెడనుండి మఱొకరి మెడకు మాఱినది. అచట ఆ మాటను క్రియగా వాడిరి, క్రియకు కర్త యుండవలసివచ్చినది. ఇచట నామవాచకముగానే యుంచితిమి. చట్టము అచటను తప్పించుకొనబడుచున్నదని మాకు తెలియును. అయినను తప్పించుకొనుటకు ఒక చట్టమున్నది.

స్త్రీల విషయమున ఈ బెంచి మఱింత కఠినమైనది. 2017వ సంవత్సరపు సవరణచే ప్రసవసెలవు 26 వారములైనది, మంచిదే. ఆమె తిరిగి వచ్చునప్పటికి ఆమె పని వేఱొకరి చేతిలో నుండును. ఆమెకు ఉద్యోగము పోలేదు, ఆమె బెంచి మీదికి వచ్చినది. అచటినుండి దినముల లెక్క మొదలు. చంటిబిడ్డను అత్తగారి యొడిలో పెట్టి రాత్రి పదునొకండు గంటలకు అమెరికావారితో మాటలాడు ప్రాజెక్టును ఒప్పుకొనవలెను, లేదా బెంచి మీద కాలము గడుపుచున్నదని అనిపించుకొనవలెను. "ఎట్లును ఖాళీగా నున్నావుగదా, మానివేయరాదా?" అని ఇంటిలోనివారే అనుచున్నారు. చట్టమిచ్చినదానిని పదము తీసికొనుచున్నది. ఇంటిలోనివారు దానికి తోడ్పడుచున్నారు.

పెండ్లిమాటల యొద్దకు మరల వత్తము. గురజాడవారి కన్యాశుల్కము 1897లో అచ్చైన నాడు పిల్లను అమ్ముకొనుట సమస్య. కాళ్లకూరి నారాయణరావుగారు వరవిక్రయము వ్రాయునప్పటికి పిల్లవాడు సంతకు వచ్చెను. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను సంత చెదరలేదు, ధర చెప్పు భాష మాఱినది, అంతే. ఆన్‌సైటులో నున్నవానికి ఒక ధర, ప్రాజెక్టులో నున్నవానికి ఒక ధర, బెంచి మీద నున్నవానికి బేరమే లేదు. బెంచి మీదనుండి పెండ్లిపీటల మీదికి దారి లేదని మధ్యవర్తులు నవ్వుచు చెప్పుచుందురు. వరకట్నమును ద్వేషించువారు దీనికి సంతోషింపవలెనా? మేము సంతోషింపజాలము. ధర తగ్గినంత మాత్రమున సంత మూతపడలేదు. ఆ పిల్లవాడును, తనను కొనువారు తగ్గిరని దుఃఖించుచున్నాడే గాని, తన్ను తూచుచున్నారని దుఃఖించుట లేదు. పిల్ల తండ్రి ప్రశ్నను మేము నిందింపము, కూతురి సంసారము గడచునో లేదో యని అడుగుట తండ్రి ధర్మమే. అడుగవలసిన తీరు వేఱు. "ఆ కంపెనీకి పని వచ్చుచున్నదా?" అని అడిగినచో సమాధానము చెప్పవలసినది కంపెనీ. బెంచి మీద ఉన్నాడా యని అడిగినచో తల వంచుకొనవలసినది పిల్లవాడు.

మఱి ఈ బెంచికి తెలుగేమి? భాషాభిమానులు కొందఱు నిరీక్షణస్థితి, విరామావస్థ మొదలగు సమాసములు సూచింపవచ్చును. మాకు వానియందు మోజు లేదు. ధర్మాసనమువలె సమాసమొకటి చేసి పెట్టినచో, ఆ సమాసమును గూడ రెండేండ్లలో అవమానపుమాటగా చేయగలరు. బెంచి నూఱేండ్లకు పైగా మనలో నున్నది, దానిని వెడలగొట్టనక్కఱలేదు. దాని ప్రక్కన నున్న క్రియను మార్చినచో చాలును. 'బెంచి మీద ఉన్నాడు' అనుటకు మాఱుగా 'కంపెనీ అతనికి ఇంకను పని చూపలేదు' అని ఇంటిలో తల్లిదండ్రులు, పత్రికలలో విలేఖరులు, మేడలలో మేనేజరులు చెప్పి చూతురు గాక. వాక్యము కొంచెము పొడుగగును. కర్త దొరకును.

ఇంకొక మాట చెప్పి విరమింతుము. హైటెక్ సిటీ మెట్రో స్టేషను 2019 మార్చిలో తెఱచినారు. అచట దిగి మేడల వైపు నడచినచో, దారిపొడుగున నడచువాడు కూర్చుండదగిన నిజమైన బెంచి కనబడుట అరుదు. టీబండి దగ్గఱ ఉద్యోగులందఱు నిలుచుండియే త్రాగుదురు. ప్రతి మేడ గుమ్మమునను నీలపు చొక్కా తొడిగిన కాపలావాడు పండ్రెండు గంటలు నిలుచుండును; పాలమూరునుండియో ఒరిస్సానుండియో వచ్చినవాడు. లోపల పని లేదని కూర్చుండబెట్టినందుకు ఒకడు క్రుంగుచుండగా, బయట పని యున్నందున కూర్చుండనీయక ఒకడు కాళ్లు మార్చుకొనుచున్నాడు. వీని వేతనము ఖాతాదారుని బిల్లులో కనబడదు గనుక వీనిని బెంచి మీద వేయుటకును వీలులేదు. కేరళములో కోళిక్కోడు మిఠాయివీధి దుకాణములలో దినమంతయు నిలుచుండి చీరలు చూపు స్త్రీలు కూర్చుండు హక్కు కావలెనని ఏండ్ల తరబడి పోరాడిరి. 2018లో ఆ రాష్ట్రమువారు దుకాణముల చట్టమును సవరించి, పనివారికి ఆసనము ఏర్పఱచుట యజమాని విధి యనిరి. 2021లో తమిళనాడువారును అట్లే చేసిరి. ఆ సవరణలో బిల్లు మాట లేదు, దినముల లెక్క లేదు. కూర్చుండుటకు ఒక పీట వేయుమని మాత్రమున్నది.